ఇసుక లేని ఏరు



ఈసారి పద్యాన్ని కొంత పక్కకు పెట్టి ఒక ఏటిని గురించి వ్రాయాలని కూర్చున్నాను. పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి జలశాస్త్రంతో పనేమిటని మీరు అడగవచ్చు. పని ఉన్నది. పాతికేళ్ళ క్రిందట ఒక విద్యార్థి వ్యాసాన్ని దిద్దడంలో నేను చేసిన పొరపాటే నన్ను ఈ శాస్త్రం దాకా నడిపించింది. ఆ మాట చివరకు చెబుతాను. ముందు అబిడ్స్‌లో వాన కురిసిన ఒక ఆదివారం సంగతి వినండి.

ఆదివారం నాడు అబిడ్స్‌లో పెద్ద దుకాణాల తలుపులు మూసి ఉంటాయి. వాటి ముందరి కాలిబాట మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. నాంపల్లిలోని మా ఇంటి నుండి నడిచి అక్కడికి వెళ్ళడం నా చిరకాలపు అలవాటు. ఆనాడు నిఘంటువుల కోసం వెదుకుతూ ఉండగా నదీప్రవాహాలను గురించిన ఇంజనీరింగు పాఠ్యగ్రంథం ఒకటి చేతికి తగిలింది. ఎవరో విద్యార్థి మార్జిన్ల నిండా పెన్సిలుతో వ్రాసుకున్నాడు. ఇంతలో వాన. అంగడి యజమాని పుస్తకాల మీద ప్లాస్టిక్ పట్టా కప్పుతూ, "అది మీరే తీసుకోండి సార్, ఇరవై రూపాయలు ఇవ్వండి చాలు. ఇక్కడ తడిసేకన్నా మీ ఇంట్లో ఉండడం నయం" అన్నాడు. డబ్బులిచ్చి, ఒక దుకాణపు చూరు క్రింద నిలబడ్డాను.

వాన అరగంటలో వెలిసింది. కాలిబాట అంచున పారిన నీరు ఇంకా సన్నగా సాగుతున్నది. ఊరికే చూస్తూ నిలబడ్డవాడినల్లా ఒక విషయం గమనించాను. రోడ్డు వాలు ఎక్కువగా ఉన్న చోట కంకర పలుకులు మాత్రమే మిగిలాయి. వాలు తగ్గిన చోట ఇసుక మేట వేసింది. ఇంకా దిగువన, నీరు నిలిచిపోయిన గుంటలో, వెన్నవంటి మెత్తని బురద పేరుకున్నది. జల్లెడ పట్టినట్లు నీరు ఎవరి పాలు వారికి పంచిపెట్టింది. ఇంటికి వెళ్ళి పుస్తకం తెరిస్తే మొదటి అధ్యాయాలలో చెప్పినది అచ్చంగా ఇదే.

నాకు అర్థమైనంత వరకు ఆ శాస్త్రసారం ఇది. స్వీడన్ దేశీయుడైన హ్యూల్‌స్ట్రోమ్ 1935లో ఒక రేఖాపటం ప్రకటించాడు. ఏ పరిమాణం గల రేణువును ఎంత వేగం గల నీరు కదిలించగలదో ఆ పటం చెబుతుంది. పెద్ద రాయి బరువైనది కనుక దానికి ఎక్కువ వేగం కావాలి. ఇది ఎవరికైనా తోచేదే. వింత ఏమిటంటే, అన్నిటికన్నా తేలికగా కదిలేది అతి సన్నని బంకమన్ను కాదు, ఇసుక. బంకమన్ను రేణువులు ఒకదానినొకటి కరచుకొని ఉంటాయి గనుక ఒకసారి గట్టిపడితే వాటిని లేపడానికి ఇసుకకు చాలిన వేగం చాలదు. లేచిన తరువాత మాత్రం అవి తొందరగా దిగవు. నీరు దాదాపు నిశ్చలమైతే తప్ప అడుగుకు చేరవు.

రెండవ సూత్రం 1955లో ఎమరీ లేన్ అనే అమెరికా ఇంజనీరు చెప్పినది. పుస్తకంలో దానిని ఒక త్రాసు బొమ్మగా వేశారు. ఒక పళ్ళెంలో నీటి పరిమాణమూ ఏటి వాలూ. రెండవ పళ్ళెంలో ఇసుక పరిమాణమూ రేణువు పెద్దతనమూ. ఇసుక తగ్గితే ఆకలిగొన్న నీరు అడుగును, గట్లను కోసుకొని తింటుంది. నీరు తగ్గితే మోసే శక్తి లేక ఏరు పూడుకుపోతుంది. ఏరు అంటే నీరు మాత్రమే అనుకున్న నాకు ఇది కొత్త పాఠం. శబ్దం లేక అర్థం లేదు, అర్థం లేక శబ్దానికి విలువ లేదు. నీటికీ ఇసుకకూ ఉన్న పొత్తు కూడా అటువంటిదే.

ఈ పొత్తు నుండే ఏటి అడుగున ఇళ్ళు ఏర్పడతాయి. సహజంగా పారే ఏరు ఒకే లోతున ఉండదు. ఒకచోట గులకరాళ్ళ మీదుగా పలుచగా ఉరుకుతుంది; ఆ తరువాత లోతైన మడుగులో నెమ్మదిస్తుంది; మళ్ళీ ఉరుకుతుంది. సంస్కృతంలో మొదటిదానిని గాధమనీ, రెండవదానిని అగాధమనీ అంటారు. అగాధమన్న మాటను మనం నిలుపుకొని, కాలితో దాటగలిగిన గాధాన్ని మరచిపోయాము. ఏటి వెడల్పుకు సుమారు 5 నుండి 7 రెట్ల దూరానికి ఒక మడుగు చొప్పున ఈ వరుస తిరిగి వస్తుందని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. ఛందస్సు చెప్పినవాడిని కనుక నాకు యతిస్థానాలు గుర్తుకు వచ్చాయి.

ఉరికే చోట నీటిలో గాలి కలుస్తుంది. ఆ గాలి గులకరాళ్ళ సందులలోకి దిగుతుంది. ఆ సందులలో పురుగుల పిల్లలు, నత్తలు, చేపగుడ్లు బ్రతుకుతాయి. ఇసుకలో ఆలిచిప్పలు దిగబడి ఉంటాయి. ఇసుకదొందు అనే చిన్న చేప ఇసుక రంగులోనే, ఇసుకకు అంటుకొని పడుకుంటుంది. మడుగులో పెద్ద చేపలు ఎండాకాలం గడుపుతాయి. ఇప్పుడు ఆ సందులలో సన్నని బురద నిండిందనుకోండి. గాలి దిగదు, గుడ్డు ఊపిరాడక చస్తుంది. పైన ఎన్ని నీళ్ళు ఉన్నా క్రింద ఇళ్ళన్నీ మూతపడినట్లే. చివరకు మిగిలేవి గాలి లేకున్నా ఓర్చుకునే ఎర్రపురుగులు, పైకి వచ్చి గాలి పీల్చుకోగల కొరమీను వంటి కొద్ది జాతులు.

ఈ సందుల సంగతి చదువుతూ ఉంటే మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. మా ఊరు వలిగొండ ప్రాంతంలో, మూసీ ఒడ్డున. 1967, 68 ప్రాంతాలలో, నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు, ఎండాకాలం వస్తే ఆమె వెంట ఏటికి వెళ్ళేవాడిని. పైన పారే నీరు సన్నని పాయగా ఒక ప్రక్కకు తప్పుకొని ఉండేది. ఆమె ఆ పాయ జోలికి పోయేది కాదు. ఇసుకలో కూర్చొని రెండు చేతులతో చెలమ తోడేది. మూరెడు లోతున నీరు ఊరేది, మొదట మురికిగా. నేను దోసిలి పట్టబోతే "జర ఆగు బిడ్డా, తేరనియ్యి" అనేది. మొదటి నీళ్ళు చిప్పతో తోడి పారబోసేది, రెండవసారీ పారబోసేది. మూడవసారి ఊరిన నీటిలో అడుగున ఇసుకరేణువులు లెక్కపెట్టవచ్చు. ఆ నీళ్ళే బిందెకు ఎత్తేది.

ఏటి అడుగున, ఇసుకరేణువుల నడుమ, కంటికి కనిపించని మరొక ఏరు పారుతూ ఉంటుందని ఆ పాత పుస్తకం వలన తెలిసింది. మన పెద్దలు ప్రయాగలోని సరస్వతిని అంతర్వాహిని అన్నారు. ప్రతి ఇసుక ఏటిలోనూ ఒక అంతర్వాహిని ఉన్నది. పైనీరు ఇసుకలోకి దిగి, రేణువులను అంటిపెట్టుకొని ఉన్న సూక్ష్మజీవుల చేత వడపోయబడి, దిగువన మళ్ళీ పైకి వస్తుంది. మా నాయనమ్మ తేరనిచ్చినది ఆ నీటినే. నేను పండిత శిక్షణ ముగించి 1980లలో ఉద్యోగంలో చేరేనాటికి మా ఊరి ఏటిలో చెలమలు లేవు. ఇసుక లారీలకెక్కి వెళ్ళింది. మిగిలిన దాని మీదికి నగరపు మురుగు వచ్చి చేరింది.

ఇక నగరంలోని మూసీ కథ. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలలో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు నడిచి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దీని పాతపేరు ముచికుంద. ముచికుందుడు గుహలో దీర్ఘనిద్ర పోయిన రాజు; నిద్ర చెడగొట్టిన కాలయవనుడు ఆయన చూపు పడి భస్మమైనాడు. ఈ ఏటికి ఆ పేరు ఎందుకు వచ్చిందో గాని, 1908 సెప్టెంబరు 28న మాత్రం సార్థకమైంది. ఎగువన చెరువుల కట్టలు వరుసగా తెగి, నగరం మీదికి వచ్చిన వరదలో వేలమంది మరణించారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కుమార్తెనూ పోగొట్టుకొని ఒక్కడు మిగిలాడు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు 150 మందిని తన కొమ్మల మీద నిలిపి కాపాడిందని నేటికీ చెప్పుకుంటారు. అంతకు ముందు సంవత్సరమే, 1907లో, మా నాంపల్లి రైలుస్టేషను కట్టారు. ఆ మరుసటి ఏడు నగరాన్ని చూడవచ్చినవారికి ఏమి కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ తరువాత 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన సలహా మీద మూసీకి అడ్డంగా ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, ఈసీకి అడ్డంగా హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయినాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ నది ఒడ్డున తోటలు వేసింది. రెండు జలాశయాలూ నగరానికి వరద నుండి రక్షణ ఇచ్చాయి, త్రాగునీరు ఇచ్చాయి. నా తరం వారందరమూ ఆ నీరు త్రాగినవారమే. వాటిని తూలనాడడం కృతఘ్నత.

అయితే త్రాసులో రెండవ పళ్ళెం మాట ఎవరూ అనుకోలేదు. జలాశయంలోకి వచ్చిన ఏరు అక్కడ నెమ్మదిస్తుంది, మోసుకొచ్చిన ఇసుకనంతా అక్కడే దించుతుంది. గేట్ల దిగువకు ఇసుక రాదు. ఏటేటా అడుగును కడిగి, మేటలు మార్చి, మడుగులు తవ్వే మధ్యరకపు వరద కూడా చాలా ఏళ్ళు రాదు. ఆ ఖాళీలోకి మురుగు వచ్చింది. నాలాల వెంట ఇళ్ళ కట్టడపు మన్ను వచ్చింది. నాంపల్లికి అవతల అఫ్జల్‌సాగర్ నాలా మోసుకుపోయేదీ ఇటువంటి సరుకే. లేన్ సూత్రపు త్రాసు మీద చూస్తే, ఇసుక పోయింది, పారే బలమూ పోయింది, సన్నని బురద మాత్రం పెరిగింది. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య" అన్న సామెత పడవవానికే గాక ఏటికి కూడా వర్తిస్తుందని ఇక్కడ తెలుస్తుంది. నీరు కుళాయిలోకి వచ్చాక నగరానికి ఏటితో పని తీరిపోయింది.

ఇప్పుడు నా పొరపాటు సంగతి.

2000 సంవత్సరం ప్రాంతం. నేను పనిచేసిన పాఠశాలలో ఎనిమిదవ తరగతి వారికి "మా ఊరి నది" అన్న వ్యాసం ఇచ్చాను. ఒక అబ్బాయి చాదర్‌ఘాట్ వైపు, ఏటి ఒడ్డు వాడ నుండి వచ్చేవాడు. వాడి వ్యాసం అర పేజీ. దాదాపు ఇలా ఉన్నది: మా ఇంటి వెనక మూసీ ఉంది. దాని అడుగు కనపడదు. కర్ర గుచ్చితే మోకాలంత దిగుతుంది. రాయి వేస్తే చప్పుడు రాదు, బుడగలు వస్తాయి. నేను ఎర్రసిరాతో అడ్డంగా గీత గీసి, "నదీవర్ణన ఇది కాదు" అని వ్రాసి, పదికి మూడు వేశాను. గైడు చూసి గలగల పారే నదిని, వెన్నెలవంటి ఇసుకతిన్నెలను వర్ణించిన మరొకడికి ఎనిమిది వేశాను. ఆ అబ్బాయి కాగితం పట్టుకొని నా బల్ల దగ్గరకు వచ్చాడు. "సార్, నేను చూసిందే రాశాను" అన్నాడు. "చూసినదంతా వ్రాయకూడదు" అన్నాను. వాడు మరి మాట్లాడలేదు.

మన కావ్యాలలో నదీవర్ణన వచ్చిందంటే సైకతాలు, పులినతలాలు, హంసలు లేకుండా సాగదు. ఆ కవులు అబద్ధం చెప్పలేదు. వారి కాలపు ఏరు అలాగే ఉండేది. నేను చేసిన తప్పు ఏమిటంటే, వారి ఏటిని కొలబద్దగా పట్టుకొని, ఈ కాలపు ఏటిని చూసిన కళ్ళను కొట్టివేయడం. ఇరవై రూపాయల పుస్తకం చదివిన తరువాత ఆ పిల్లవాడి నాలుగు వాక్యాలు మళ్ళీ తలచుకున్నాను. కర్ర మోకాలంత దిగిందంటే గట్టి అడుగు లేదని. రాయి చప్పుడు చేయలేదంటే తగలడానికి మరొక రాయి లేదని. బుడగలు వచ్చాయంటే గాలి అందని బురదలో కుళ్ళిన పదార్థం నుండి వాయువు పుడుతున్నదని. ఏటి అడుగును పరీక్షించమంటే శాస్త్రజ్ఞులు మొదట చూసేవి ఇవే. వాడు ఎనిమిదవ తరగతిలో వ్రాసిన దానిని నేను అరవై దాటాక చదివి అర్థం చేసుకున్నాను.

మూసీని బాగుచేయాలన్న మాట కొత్తది కాదు. 2017లో తీరాభివృద్ధికి ప్రత్యేక సంస్థ పెట్టారు. 2024 సెప్టెంబరులో నదీగర్భంలో ఉన్నవని చెప్పిన ఇళ్ళ గోడల మీద అధికారులు ఎర్రరంగుతో గుర్తులు వేశారు. చాదర్‌ఘాట్ ప్రాంతపు ఇళ్ళు వాటిలో ఉన్నాయి. పత్రికలో ఆ బొమ్మ చూసిననాడు నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. ఒకప్పుడు వాడి కాగితం మీద ఎర్రగీత గీసినవాడిని నేను. అడ్డగీత గీసేముందు, ఎదుటివాడు ఏమి చూశాడో ఒకసారి అడగాలన్న బుద్ధి నాకు ఆలస్యంగా కలిగింది. వరద దారిలో మనుషులు ఉండడం ప్రమాదమే, కాదనను. కాని ఏటిని అన్ని కాలాలలోనూ దగ్గరగా చూసినవారు వారే. ఏటి బాగును గురించిన మాటలో వారికి చోటు ఉండాలి, తలదాచుకొనే చోటూ ఉండాలి.

2024 అక్టోబరులో మన రాష్ట్రం నుండి ఒక బృందం సియోల్ వెళ్ళి చూసి వచ్చింది. అక్కడ ఒక పెద్ద రోడ్డును తొలగించి, దాని క్రింద మూసుకుపోయిన చెంగ్యెచెన్ అనే వాగును 2005 నాటికి మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. నగరవాసులకు చల్లని నడకదారి దొరికింది, అది మంచిదే. కాని అందులో పారే నీటిలో ఎక్కువభాగం పంపులతో తెచ్చి విడిచేది. పంపు ఆగితే వాగు ఆగుతుంది.

జర్మనీలోని మ్యూనిక్ నగరం మరొక దారి పట్టింది. 2000 నుండి 2011 వరకు ఈజార్ నదికి 8 కిలోమీటర్ల మేర గట్టి గట్లను తొలగించి, ఏటికి వెడల్పు ఇచ్చి, గులకరాళ్ళ మేటలను తానే వేసుకోనిచ్చారు. అమెరికాలో కొలరాడో నది మీది ఆనకట్ట నుండి 1996లో వారం రోజులపాటు కావాలనే వరద విడిచారు, దిగువన మాయమైపోయిన ఇసుకమేటలు తిరిగి ఏర్పడతాయేమోనని. మేటలు లేచాయి గాని ఎక్కువకాలం నిలువలేదు. ఆ అనుభవం మీద తరువాతి వరదలను, ఉపనదులు కొత్త ఇసుకను తెచ్చి పెట్టిన సమయం చూసి విడవడం మొదలుపెట్టారు. నీరు ఒక్కటే చాలదు, నీటికి మోయడానికి ఇసుక ఉండాలి అన్నది వారు నేర్చిన పాఠం. చెలమ తోడిన ఏ ముసలమ్మనడిగినా అదే చెప్పి ఉండేది.

కనుక మూసీకి ఏమి కావాలో నా మట్టుకు నేను ఇలా అనుకుంటున్నాను. మొదట మురుగు ఆగాలి. అది లేక మిగిలినవన్నీ వట్టి మాటలు. తరువాత, జలాశయాల నుండి ప్రాణం కోల్పోయిన కాలువలా ఒకే ధారగా గాక, ఋతువును అనుసరించి హెచ్చుతగ్గులుగా నీరు రావాలి. అప్పుడే సందులలోని బురద కడుక్కుపోతుంది. అడుగున కాంక్రీటు పరచకూడదు. పరిస్తే అంతర్వాహిని తెగిపోతుంది. ఇసుకకూ గులకరాళ్ళకూ తిరిగి చోటు ఇవ్వాలి, ఉన్నచోట తవ్వకుండా కాపాడాలి. పొంగినప్పుడు పక్కకు పరచుకోవడానికి ఏటికి కొంత నేల విడవాలి. ఒడ్డున దీపాలు ఆ తరువాత పెట్టుకోవచ్చు.

2025 సెప్టెంబరు 26 రాత్రి ముచికుందుడు మళ్ళీ లేచాడు. రెండు జలాశయాల గేట్లూ ఎత్తగా ఏరు పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. నీరు తీసిన కొన్నాళ్ళకు నేను నాంపల్లి నుండి అటు వెళ్ళాను. ఒక మూల ఇంకా ఎండని ఒండ్రు మిగిలి ఉన్నది. వంగి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను. మెత్తగా, జిగటగా ఉన్నది, గరుకు తగలలేదు. అంత పెద్ద వరద వచ్చి వెళ్ళినా నా వేళ్ళకు ఒక్క ఇసుకరేణువు అంటలేదు. పక్కన ఊడుస్తున్న ఆమె "ఏం పోయింది పెద్దయ్యా, ఎతుకుతున్నవ్?" అని అడిగింది. ఏమని చెప్పను! "ఇసుక" అన్నాను. ఆమె నవ్వి, చీపురుతో ఆ బురదను కూడా అవతలికి నెట్టింది.

తిరిగి వస్తూ నయాపూల్ మీద ఆగాను. గోడ పక్కన పడి ఉన్న చిన్న రాయి తీసి ఏటిలోకి జారవిడిచాను. రాయి రాయికి తగిలిన చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడ్డాను. రాలేదు. నాలుగు బుడగలు లేచాయి.

పదికి పది వేయవలసిన వ్యాసం అది. ఏనాడైనా ఈ ఏరు బాగుపడిందని ఎవరైనా చెబితే నేను తోటలూ దీపాలూ చూడను. ఆ పిల్లవాడు నేర్పిన పరీక్ష ఒకటి ఉన్నది: రాయి వేసి చెవి ఒగ్గుతాను.

స్వస్తి.